మనోగాయముల వైద్యుడు డాక్టరు రివర్సు

దేహమునకు దెబ్బ తగిలినచో నెత్తురు కనబడును. ఇరుగుపొరుగువారు పరుగెత్తుకొని వత్తురు. మనస్సునకు దెబ్బ తగిలినచో పైకి కనబడునది లేదు. అట్టి దెబ్బ తినినవానికి మన పల్లెలయందు పెద్దలు చెప్పు హితవు ఒక్కటియే. జరిగినదేదో జరిగినది, ఇక మరచిపొమ్మందురు. ఈ మాట దయతో చెప్పబడునదే. కాని మరచుట మానవుని స్వాధీనములో నున్నదా యని శాస్త్రదృష్టితో విచారించి, మరచుటకై చేయు ప్రయత్నమే కొందరి బాధను పెంచుచున్నదని చూపిన వైద్యుడొకడు గలడు. ఆయనయే డాక్టరు విలియం హాల్స్ రివర్సు. ఆంగ్లేయుడైనను, ఆయన ఆర్జించిన విజ్ఞానములో కొంతభాగము మన దక్షిణదేశపు నీలగిరులయందు లభించినదే. ఆయన జీవితమును ఆత్మకూరు ప్రాంతపు పాఠకుల యెదుట నుంచుటకు మాకు ప్రత్యేక కారణము కలదు.

నల్లమల యంచున, నేటి నంద్యాల జిల్లాలో నున్న ఈ ఆత్మకూరు శ్రీశైల యాత్రికుల ప్రాచీనమైన కాలిబాటలోని మజిలీ. ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు వేలకొలదిగా ఈ యూరిమీదుగా నాగలూటి మార్గమున మల్లన్న సన్నిధికి నడచిపోవుచుందురు. ఈ సీమ చూచిన కష్టములు సామాన్యములు కావు. 1981లో శ్రీశైల జలాశయము నిండినప్పుడు కృష్ణాతీరమున నూటికి పైబడిన గ్రామములు మునిగిపోయినవి. తాతలనాటి యిండ్లు కన్నులయెదుట కూలుట చూచినవారు ఇంకను మన నడుమ నున్నారు. గ్రామకక్షలలో తండ్రి హత్యను కన్నులార చూచిన బాలురున్నారు. వానలు లేని యేండ్లలో అప్పులబాధకు తాళలేక ఇంటి యజమాని ప్రాణము తీసికొనగా, తెల్లవారి ఆ దృశ్యమును మొట్టమొదట చూచిన ఇల్లాండ్రున్నారు. జలాశయమున మునిగిన సంగమేశ్వరాలయము వేసవిలో నీరు తగ్గినప్పుడెల్ల పైకి వచ్చుచున్నది. మనస్సున ముంచివేయబడిన స్మృతులును అట్టివే. వాని గతి యేమని మొదట శ్రద్ధతో విచారించినవారిలో రివర్సు ఒకడు.

ఆయన 1864వ సంవత్సరము మార్చి 12వ తేదీన ఇంగ్లండునందలి కెంటు మండలములో, చాథం పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. నత్తిని మాన్పు విద్యయందును ఆయన పేరుపొందినవాడు. పరుల నత్తిని బాపు నా యింటిలోనే పుట్టిన రివర్సునకు జీవితాంతము నత్తి వదలలేదు. ఇంకొక వింతయు నాయన బాల్యమునకు సంబంధించినది కలదు. ఐదేండ్ల వయస్సు వరకు తాను నివసించిన యింటి క్రింది యంతస్తు ఆయనకు చక్కగ జ్ఞప్తియందుండెను. పై యంతస్తు మాత్రము ఎంత ప్రయత్నించినను స్ఫురింపకుండెను. అటుపిమ్మట ఏ దృశ్యమునుగాని మనస్సునందు బొమ్మగా నిలుపుకొను శక్తియు నాయనకు సన్నగిల్లెను. ఆ పై యంతస్తులో తనకు సహింపరాని దేదో జరిగియుండవచ్చునని పెద్దవాడైన పిమ్మట ఆయన ఊహించెను. అది యేమియో తుదివరకు తెలియలేదు. మరుపును గూర్చి లోకమునకు బోధింప నున్నవాడు తన గృహమునందలి మరుపుతోనే జీవితము నారంభించెనన్నమాట.

పాఠశాలలో చదువు ముగియు సమయమున విషజ్వరము తగిలి, కేంబ్రిడ్జి విద్యార్థివేతనపు పరీక్షకు ఆయన పోలేకపోయెను. అందుచే లండనునందలి సెయింట్ బర్తలోమ్యూ వైద్యశాలలో చేరి, 1886లో ఇరువదిరెండేండ్ల ప్రాయముననే వైద్యపట్టమును పొందెను. కొంతకాలము ఓడవైద్యుడై జపాను, ఉత్తర అమెరికా దేశములను చూచెను. తరువాత నరముల వ్యాధులను మాన్పు వైద్యశాలలో పనిచేసి, 1892లో బెత్లెం అను సుప్రసిద్ధమైన ఉన్మాదవైద్యశాలలో సహాయకుడుగా నుండెను. 1893లో జర్మనీకి పోయి హైడెల్‌బర్గునందు క్రెపెలిన్ పండితునికడ శిష్యరికము చేసెను. ఉన్మాదములను జాతులుగా విభజించి నేటి మానసిక వైద్యమునకు పునాది వేసినవారిలో ఈ క్రెపెలిన్ ముఖ్యుడు. అదే సంవత్సరమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఇంద్రియజ్ఞానమును బోధించు కొలువు రివర్సునకు లభించెను. మనస్తత్త్వశాస్త్రమును ప్రయోగములచే పరీక్షించుట బ్రిటనునందు అప్పుడప్పుడే మొదలగుచుండెను. ఆ ప్రారంభకులలో ఆయన యొకడు.

1898లో హాడన్ పండితుని నాయకత్వమున ఆస్ట్రేలియాకు ఉత్తరముననున్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లిన విద్వాంసులలో రివర్సు కూడ నుండెను. అచటి జనుల దృష్టిశక్తిని పరీక్షించుచు, వారి వంశవృక్షములను గుచ్చి గుచ్చి యడిగి వ్రాసికొనెను. ఎవరికెవరు ఏమగుదురో తెలిసినగాని ఒక జాతియొక్క ధర్మము తెలియదని ఆయన గ్రహించెను. వావివరుసలకు ప్రాణమిచ్చు మన పాఠకులకు ఈ సంగతి నూతనము కాదు. కాని పాశ్చాత్య పండితులకు అది నూతనమైన శాస్త్రమార్గమయ్యెను.

ఈ మార్గమును చేతబట్టుకొనియే ఆయన 1901లో నీలగిరులకు వచ్చెను. నాడు నీలగిరులును మన కర్నూలు, కడప మండలములును చెన్నపురి రాజధాని యనబడు ఒక్క రాష్ట్రములోనివే. కొండలపై ఎనుములను దైవముగ పూజించు తోడజాతివారి నడుమ కొన్ని మాసములుండి, వారి పాలగుడిసెల ఆచారములను, పూజారుల నియమములను, పెండ్లిండ్ల పద్ధతిని తెలిసికొనెను. 1906లో తోడవులను గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథము ప్రఖ్యాతమైనది. ఆ పరిశోధనమునందే ఒక సంఘటనము జరిగినది. పవిత్ర రహస్యములను వెల్లడించినవారి యిండ్లలో కష్టములు సంభవింపగా, పరదేశికి గుట్టు చెప్పుటచే దేవతలు కోపించిరని తోడవులు తలచిరి. చెప్పువారు వెనుదీసిరి. రివర్సు ఆ సంగతిని దాచక తన గ్రంథమునందే వ్రాసెను. ఒకని గుండెలోని మాటను బయటికి లాగుటకు ఒక మూల్యము కలదనియు, ఆ మూల్యమును చెల్లించువాడు వినువాడు గాక చెప్పువాడే యనియు ఈ సంఘటనము తెలుపుచున్నది. తరువాతికాలమున రోగుల మాటలు వినుటలో ఆయన చూపిన ఓరిమి ఈ కొండలమీద గడించినదని మేము తలచుచున్నాము.

1903లో హెన్రీ హెడ్ అను మిత్రుడు తన చేతినరమును తానే కోయించుకొనగా, స్పర్శజ్ఞానము తిరిగివచ్చు క్రమమును రివర్సు కొన్ని సంవత్సరములపాటు కనిపెట్టి వ్రాసెను. 1908లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆ సంవత్సరముననే మెలనీసియా దీవులకు పోయి, ఆ పరిశోధనల ఫలమును 1914లో రెండు సంపుటములుగా ప్రకటించెను. అప్పటికాయనకు ఏబదియేండ్లు. పండితుడుగా ఆయన కీర్తికి కొదవలేదు. కాని ఆయన పేరు నేటికిని నిలిచియుండుటకు కారణమైన కార్యము ఇంకను ఆరంభమే కాలేదు.

1914లో మహాయుద్ధము చెలరేగెను. ఫిరంగులమోత నడుమ, శవములు కుళ్లు కందకములలో నెలలతరబడి నిలిచిన సైనికులలో ఒక వింతవ్యాధి పొడసూపెను. గాయము లేకయే మాట పడిపోవును; కాళ్లు చచ్చుబడును; నిద్రపట్టిన వెంటనే కేకలు వేసి లేతురు; చచ్చిన మిత్రుడు పగలే కండ్లయెదుట నిలుచును. దీనికి షెల్ షాక్ అను పేరును 1915లో వైద్యపత్రిక కెక్కించినవాడు రివర్సు శిష్యుడైన చార్లెస్ మయర్సు. గుండు ప్రేలిన తాకిడికి మెదడు చెదరుటయే కారణమని మొదట తలచిరి. గుండు దగ్గర ప్రేలనివారికి సయితము అది కలుగుట చూచి, పిరికితనమని కొందరు, నటన యని కొందరు నిందించిరి. మూగపోయినవారికి విద్యుత్ప్రవాహము పట్టించి మాట తెప్పించిన వైద్యులును కలరు. ఆ యుద్ధమున పిరికితనము, పారిపోవుట మొదలగు నేరములు మోపి బ్రిటిషు సామ్రాజ్య సైన్యములలో కాల్చిచంపబడిన 306 మందికి 2006లోగాని ప్రభుత్వము క్షమాదానము చేయలేదు. ఆ సామ్రాజ్యముకొరకు సముద్రములు దాటి పోరాడిన భారతీయులు పదిలక్షలకు పైబడినవారు. వారిలో మనస్సు చెదరి ఇల్లు చేరినవారి కథను అడిగి వ్రాసినవారు మిక్కిలి యరుదు.

1915లో రివర్సు లివర్‌పూలు సమీపమున మాఘల్ సైనిక వైద్యశాలలో చేరెను. 1916లో కెప్టెన్ హోదాతో ఎడింబరో చెంతనున్న క్రేగ్‌లాకార్టు వైద్యశాలకు పంపబడెను. అచటి రోగులందరు సైన్యాధికారులు. వారందరికిని అంతకుముందు చెప్పబడిన వైద్యము మన పెద్దలు చెప్పునదియే: యుద్ధమును తలపకుము, పూలతోటలను తలపుము, మంచి పుస్తకములను చదువుము. రోగులు ఆ ప్రకారమే పగలంతయు శక్తికొలది తలపులను అణచిరి. పగలు అణచినది రాత్రి స్వప్నమై వచ్చి పీడించెను. భయపడుట పురుషలక్షణము కాదని చిన్ననాటినుండి నేర్చినవారగుటచేత, తమకు భయము కలిగినదని తమతో తాము ఒప్పుకొనుటకును వారు సిగ్గుపడిరి. భయముకంటె ఆ సిగ్గే వారిని ఎక్కువగా దహించుచున్నదని రివర్సు కనిపెట్టెను.

ఆయన పద్ధతియందు మాయ లేదు. రోగిని తనయెదుట కూర్చుండబెట్టుకొని, జరిగినదానిని అతని యిష్టమైన తీరున, అతడు ఓర్చుకొనగలిగినంత మేరకు చెప్పించెను. భయము సహజధర్మమనియు, కన్నీరు పౌరుషమునకు లోపము కాదనియు బోధించెను. ఆ పిమ్మట ఘోరమైన స్మృతిలో ఓర్చుకొనదగిన యంశ మేదైన కలదా యని రోగితోపాటు తానును వెదకెను. ఒక యధికారి తన మిత్రుని వెదకుచు పోయి, గుండుదెబ్బకు ముక్కలైన యతని దేహమును చూచెను. నాటినుండి ప్రతిరాత్రియు ఆ ఛిన్నదేహము కలలో కనబడుచుండెను. దేహము అంతగా ఛిన్నమైనదనగా మరణము క్షణములో కలిగియుండుననియు, మిత్రునకు బాధ తెలిసియుండదనియు రివర్సు అతనికి స్ఫురింపజేసెను. అది యతడు అంతవరకు తలపని యంశము. కొన్ని రాత్రులు కల రాలేదు. మరల వచ్చినప్పుడు, తాను మిత్రుని దేహముకడ మోకరించి, అతని తలిదండ్రులకు పంపుటకై వస్తువులను మెల్లగా తీయుచున్నట్లు కనెను. భయము దుఃఖముగా మారెను. దుఃఖమును మానవుడు మోయగలడు.

అన్ని గాయములును ఇట్లు మానలేదు. మరియొక యధికారి ప్రేలుడు తాకిడికి ఎగిరిపోయి, ఉబ్బిన శత్రుశవముమీద బోరగిలపడెను. ఆ కుళ్లు అతని నోట నిండెను. ఈ స్మృతిలో ఓర్చుకొనదగిన యంశమును తాను కనుగొనలేకపోతినని రివర్సు దాపరికము లేక ఒప్పుకొనెను. ఆ రోగి సైన్యమును వదలి పల్లెపట్టున ప్రశాంతముగా బ్రతుకుటయే మేలని ఆయన నిర్ణయించెను. 1917 డిసెంబరులో వైద్యసభలో చదివి 1918లో ప్రకటించిన వ్యాసమున జయములతోపాటు ఈ యపజయమునుగూడ ఆయన పేర్కొనెను. సదా ఆ సంఘటనమునే తలపోసికొని క్రుంగుటయు మంచిది కాదని అందే హెచ్చరించెను. అణచుటయు, అందే మునుగుటయు రెండును హానికరములు. ఎదుర్కొని, దానిని జీవితములో ఒక భాగముగా ఇముడ్చుకొనుటయే ఆయన బోధ.

1917 జూలైలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అను యువకవి ఆయనకడకు పంపబడెను. ఇతడు శౌర్యపతకము పొందిన వీరుడు. యుద్ధమును ముగింపగలవారే బుద్ధిపూర్వకముగా సాగించుచున్నారని ప్రకటించి, తాను ఇక పోరాడనని నిరాకరించెను. ఆ ప్రకటనము పార్లమెంటులో చదువబడెను. సైనిక న్యాయస్థానమున విచారణ జరిపినచో లోకమునకు తెలియునను జంకుతో అతనిని రోగిగా నిర్ణయించి క్రేగ్‌లాకార్టునకు పంపిరి. రివర్సు అతనిలో పిచ్చిని చూడలేదు. కాని తాను ధరించినది సైన్యపు దుస్తులు. రోగిని స్వస్థపరచి మరల కందకములకు పంపుటయే తన యుద్యోగధర్మము. మాన్పుట చంపుటకే యైనచో అది వైద్యమెట్లగునని ఆయన మనస్సున పోరాటము సాగెను. శాంతివాదము తన్ను లోబరచుకొనుచున్నదని తెలుపు స్వప్నమొకటి తనకు వచ్చినట్లు, దానిని నిర్మొహమాటముగ విమర్శించి, తన గ్రంథమున వ్రాసికొనెను. ససూన్ తన తోడివారిని విడనాడలేక స్వయముగ యుద్ధమునకు మరలెను; 1918లో తలకు గాయము తగిలి బయటపడెను. జీవితాంతము రివర్సును తండ్రివలె తలచుకొనెను. వైద్యుడు ఎవరి పక్షమున నిలువవలయును, రోగి పక్షముననా, ఏలినవారి పక్షముననా యను ప్రశ్నకు రివర్సు పూర్తిగా సమాధానము చెప్పలేదు. ఆ ప్రశ్నను తనలో దాచి అణచివేయలేదు. అదియే ఆయన గొప్పతనము.

యుద్ధానంతరము కేంబ్రిడ్జికి మరలిన రివర్సు మునుపటివాడు కాడని మిత్రులు గుర్తించిరి. ముభావముగా నుండిన పండితుడు యువకులతో కలిసిమెలిసి, ప్రజల కష్టసుఖములను చర్చించువాడయ్యెను. సహజప్రవృత్తులను, అచేతన మనస్సును గూర్చిన గ్రంథమును 1920లో వెలువరించెను. ఫ్రాయిడు పండితుని అణచివేత సిద్ధాంతమును గ్రహించియు, అన్నిటికిని కామమే మూలమను వాదమును త్రోసిపుచ్చి, ప్రాణరక్షణప్రవృత్తికి ప్రాధాన్యమిచ్చెను. 1922లో లేబరు పక్షము తరపున లండను విశ్వవిద్యాలయ స్థానమునకు అభ్యర్థిగా నిలిచెను. కాని ఎన్నిక జరుగకముందే, జూన్ 4వ తేదీన ప్రేగువ్యాధివలన అకస్మాత్తుగా మరణించెను. ఆయన వయస్సు ఏబదియెనిమిది. ఆ స్థానమునకు తరువాత పోటీచేసినవాడు సుప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్సు. వైద్యము, మంత్రము, మతము అను మూటిని గూర్చి ఆయన చేసిన ఉపన్యాసములు 1924లో గ్రంథరూపమున వెలువడెను. నాగరకులు హేళనచేయు మంత్రవైద్యమునకును దాని తర్కము దానికి కలదనియు, వ్యాధికి కారణమని జనులు నమ్మినదానిబట్టి వారి చికిత్స యుండుననియు అందాయన నిరూపించెను.

రివర్సు ఆపినచోటినుండి విజ్ఞానము చాల దూరము నడచినది. ఆయన చూచిన వ్యాధికి వియత్నాం యుద్ధానంతరము 1980లో అమెరికా వైద్యులు ఆఘాతానంతర మనోవ్యాధి యను అర్థము వచ్చు పేరుపెట్టి శాస్త్రమున స్థానమిచ్చిరి. కాని ఒక తెగ రోగులు మాత్రము ఆ ద్వారమువెలుపలనే నిలువవలసివచ్చెను. లేని గొంతులు వినువారు, తమ్మెవరో తరుముచున్నారని నమ్మువారు, అనగా ఉన్మాదము సోకినవారు, వీరిలో అనేకులు బాల్యమున హింసకు గురియైనవారు, ఘోరములను చూచినవారు. అయినను వారిని గతమును గూర్చి యడిగినచో పిచ్చి ముదురునని వైద్యులు భయపడిరి. మందు ఇచ్చిరి, కథ వినలేదు. సంకెలలో నున్నవానికి ఇంకొక గాయము కూడ కలదని తలచినవారు తక్కువ.

ఈ భయము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు నెదర్లాండ్సు దేశమున ఉన్మాదమును ఆఘాతవ్యాధియు రెండును గల 155 మందిపై పరీక్ష జరిపి, 2015లో ఫలితములను ప్రకటించిరి. రోగులను చీట్లు వేసినట్లు మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారు జరిగిన ఘోరమును కన్నులయెదుట జరుగుచున్నట్లు వరుసగా మరల మరల చెప్పి, భయపడి విడిచిన తావులకు మెల్లమెల్లగా పోవుట నేర్చిరి. రెండవ జట్టువారు ఆ స్మృతిని మనస్సున నిలుపుకొని, వైద్యుని చేతి కదలికను కండ్లతో వెంబడించిరి. మూడవ జట్టు తన వంతుకై వేచియుండెను. చికిత్స వారమునకొకసారి, గంటన్నర చొప్పున, ఎనిమిది మారులు మాత్రమే. ఉన్మాదమునకు మామూలుగా జరుగు వైద్యమును మానలేదు. చికిత్సపొందిన రెండు జట్లలోను సగముకంటె ఎక్కువమంది ఆఘాతవ్యాధి లక్షణముల హద్దు దాటి బయటపడిరి; వేచియున్నవారిలో నూటికి 28 మంది మాత్రమే. పిచ్చి ముదురునన్న భయము నిజము కాలేదు. క్రేగ్‌లాకార్టున రివర్సు తెరచిన తలుపు బెత్లెం రోగులకును తెరువదగినదేయని నూరేండ్లకు రుజువైనది.

ఇక మన సంగతి. ఈ ప్రాంతమున ఒక యువకునికి గొంతులు వినబడిన, గాలి సోకినదందురు, తాయెత్తు కట్టింతురు, గుడికో దర్గాకో తీసికొనిపోవుదురు. దీనిని మేము హేళన చేయము. బాధపడువానిని ఒంటరిగా విడువక పదిమంది వెంటనడచుట మంచియాచారమే. కాని కట్టివేయుట మంచియాచారము కాదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళదేశమున ఏర్వాడి దర్గాచెంత నొక యాశ్రమమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడిన మానసికరోగులు కదలలేక కాలిపోయిరి. మరణించినవారు 28 మంది. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము రోగిని ఏవిధముగను గొలుసులతో బంధింపరాదని శాసించినది. చట్టము గొలుసును విప్పగలదు. మౌనమును విప్పవలసినవారము మనము.

గ్రామములలో మాట చెల్లుబడియైన పెద్దలకు, భూస్వాములకు, పట్టణపు విద్యావంతులకు మా మనవి యిది. మరచిపొమ్మను మాటను తేలికగా పలుకకుడు. కక్షలలో తండ్రిని పోగొట్టుకొన్న బాలుడు నిద్రలో కేకవేసినచో, పౌరుషము లేనివాడని నవ్వకుడు. ఉన్మాదము సోకినవానికి వైద్యుడిచ్చిన మందు మాన్పింపకుడు. దానితోపాటు, నీకేమి జరిగినదని యడుగగల శిక్షితుడైన వైద్యునికడకు కొనిపోవుడు. బలవంతముగ కథలాగు పని పామరులు చేయరాదు. నీలగిరుల తోడవుల యనుభవము మరువరాదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసికవైద్య విభాగము కలదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వ మారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా, రేయింబవళ్లు, తెలుగులోనే మాటలాడవచ్చును. కాని దారి చూపు ఫోను వైద్యునికి బదులు కాజాలదు. నల్లమల గూడెములకును, ముంపునకు గురియై తరలిన గ్రామములకును దగ్గరైన ఆత్మకూరు ప్రభుత్వ వైద్యశాలలోనే, మందులు వ్రాయువారితోపాటు ఓపికతో వినుటకు శిక్షణ పొందినవారిని గూడ నియమింపవలయునని ప్రజాప్రతినిధులను నిలదీసి యడుగుట మన విధి.

రివర్సు చేతిలో దివ్యౌషధ మేదియు లేదు. ఒక కుర్చీ, ఎదుట మరియొక కుర్చీ, తొందరపాటు లేని చెవి, మాటలు తడబడు నాలుక, ఇవియే యాయన పరికరములు. వానితోడనే ఆయన, పిరికిపందలని లోకము నిందించినవారిని మరల మనుష్యులుగ నిలబెట్టెను. అట్టి కుర్చీ ఒకటి మన ఆత్మకూరులో వెలయుట అసాధ్యము కాదు.